చివర్లో వేసిన కళ్ళు

ఇలా జరిగి కూర్చో చిన్నమ్మాయీ. ఇంకాస్త దగ్గరకు. హాల్లో ఉన్న మీ నాన్న వింటాడని కాదు, వింటే విననీ. నువ్వు దూరంగా ఉంటే సగం విని సగం వదిలేస్తావు. సగమే చెప్పుకుంటూ వచ్చినందువల్లే ఇదంతా జరిగింది.

మీ తాత పేరు మీద ఉన్న వెబ్‌సైటును కాలేజీ కంప్యూటర్లో నీ స్నేహితురాళ్ళకు చూపించావని, మూడు తరాల కళాకారుల కుటుంబమని వాళ్ళు మెచ్చుకున్నారని నిన్న సంబరంగా చెప్పావు. నేను ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయాను కదా, అది నీ మీద కోపం కాదు. నువ్వు చదివింది అబద్ధం. దాన్ని రాయించినవాడు నా కడుపున పుట్టినవాడు. రెండేళ్ళయినా నా కోపం చల్లారలేదు. చల్లారాలని నాకు లేదు కూడా.

మూడు తరాలట. మీ ముత్తాత కొబ్బరికాయల వ్యాపారం చేశాడు. మీ నాన్న కుంచె పట్టింది ఒక్కసారే, దొడ్డిగోడకు సున్నం వేసినప్పుడు, అదీ సగం గోడ వేసి నడుం నొప్పి అన్నాడు. మధ్యలో ఉన్న మీ తాత ఒక్కరే పనివాడు. ఆయన గురించి చెబుతాను, విను.

మీ తాత వెంకన్న గారు గాజు మీద దేవుళ్ళ పటాలు వేసేవారు. అద్దానికి వెనక వైపు బొమ్మ వేస్తే, ముందు వైపు నుంచి మనం చూస్తాం. అందుకే ఊళ్ళో ఆయన్ని అద్దాల వెంకన్న అనేవారు. ద్రాక్షారామం భీమేశ్వరుడి దర్శనానికి వచ్చినవాళ్ళు మా అరుగు వెతుక్కుంటూ వచ్చేవారు. అన్నవరం వెళ్ళి, సామర్లకోటలో రైలు దిగి, పటం కోసమని ఇటు బస్సెక్కినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ పనిలో ఒక చిక్కు ఉంది. కాగితం మీద వేసేవాడు ముందు ముఖానికి రంగు వేసి, ఆ పైన తీరిగ్గా కళ్ళు పెట్టుకుంటాడు. గాజు మీద అలా కుదరదు. పైకి కనబడవలసినది ముందు వేయాలి. మొట్టమొదట కంటిలో మెరుపు, ఆవగింజలో సగం ఉండే తెల్లచుక్క. దాని వెనక నల్లగుడ్డు. ఆ వెనక తెల్లగుడ్డు. తరువాత ముక్కుపుడక, హారాలు. వాటన్నిటి వెనక ఒంటి రంగు, చీర రంగు. ఆఖరున ఆకాశం. పైగా అంతా తిరగేసి గీయాలి, కుడిచెయ్యి ఎడమ పక్కకు వస్తుంది. రంగు పడ్డాక ఇక దిద్దుకోవడం లేదు.

ఆ ముందు పని మీ తాతకు రాదు. ఇది బాగా గుర్తు పెట్టుకో. ఆయన రంగు వేస్తే మాత్రం తిరుగు లేదు, పటంలోని పట్టుచీర మడతను జనం వేలితో తడిమి చూసేవారు. గీత గీయమంటే మాత్రం చెయ్యి బిగుసుకుపోయేది. నా పెళ్ళయిన కొత్తలో ఆయన సొంతంగా గీసిన లక్ష్మీదేవిని చూసి మా అమ్మ, "అల్లుడుగారూ, అమ్మవారికి పడిశం పట్టిందాండీ?" అని అడిగింది. ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

నేను కాపురానికి వచ్చిన మూడో ఏడు, మీ తాత రామచంద్రపురం బస్టాండులో ఉండగా, తన ఈడు మనిషి ఒకాయన బస్సు లోపల నిలబడి ముందు అద్దం మీద ఊళ్ళ పేర్లు రాస్తున్నాడట. లోపల తిరగేసి రాస్తుంటే బయట నిలబడ్డవాళ్ళకు చక్కగా కనబడుతున్నాయి. పెన్సిలు గీత లేదు, స్కేలు లేదు. మీ తాత ఎక్కవలసిన బస్సు వెళ్ళిపోయినా చూసుకోలేదు. ఆ రాసే మనిషి సామ్యేలు. మన ఊరి పేటలోనే ఉండేవారు, క్రైస్తవులు. వాళ్ళ నాన్న మా మామగారి కొబ్బరితోటలో కాయలు దింపేవాడు. అప్పట్లో నేను ఆయన్ని గారు అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఆ మరునాటి నుంచి ముప్పై నాలుగేళ్ళు సామ్యేలు గారు మా అరుగు మీద కూర్చుని గీశారు. ఉడతతోక వెంట్రుకల కుంచె ఆయనే కట్టుకునేవారు. ఊపిరి బిగబట్టి ఒక కనుబొమ్మ లాగి, అప్పుడు ఊపిరి వదిలేవారు. దేవుళ్ళ బొమ్మలు గీస్తావా అని వాళ్ళ చర్చి పెద్దలు నిలదీస్తే, "నేను గీతలు గీస్తానండి, మొక్కేవాళ్ళు వేరే ఉన్నారు" అన్నారట. ఈ గోదావరి పక్క ఎన్ని పూజగదుల్లో ఎందరు దేవుళ్ళు ఆయన పెట్టిన కళ్ళతో చూస్తున్నారో లెక్క లేదు.

ఇక నా సంగతి. ఆయన్ని అరుగు దాటి లోపలికి రమ్మని నేను ఏ రోజూ పిలవలేదు. ఆయన కాఫీ గ్లాసు విడిగా చూరులో ఉండేది. ఆయన గీసిన అద్దాన్ని మీ తాత లోపలికి తెచ్చి రంగు వేసేవారు. పటం తీసుకున్నవాళ్ళు, కళ్ళకు ప్రాణం పోశారండీ వెంకన్న గారూ అంటే, మీ తాత తల ఊపి ఊరుకునేవారు. అరుగు మీద సామ్యేలు గారు తల వంచుకుని తరువాతి అద్దం తుడుచుకునేవారు. గుమ్మంలో నిలబడి ఆ రెంటినీ నేను చూసేదాన్ని. చూసి, పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయేదాన్ని.

మీ తాత పోయిన రెండేళ్ళకు, కాకినాడలో ఇంటర్నెట్ సెంటరు నడిపే ఒకాయన ముచ్చటపడి మొదటి సైటు తయారుచేశాడు. అక్షరాలు ఆరుతూ వెలుగుతూ, మూల ఒక దీపం గిర్రున తిరుగుతూ ఉండేది. పేజీ తెరుచుకునేలోపు ఎసరు మరిగేది. ఫోటోలు కావాలంటే పెట్టెలోంచి నేనే తీసి ఇచ్చాను. అందులో ఒకదానిలో అరుగు మీద మీ తాత, సామ్యేలు గారు పక్కపక్కన కూర్చుని ఉంటారు, మధ్యలో అద్దం. దాని కింద ఇద్దరి పేర్లూ పెట్టమన్నాను. గీత సామ్యేలు, రంగు వెంకన్న అని పెట్టాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, చూసినవాళ్ళే తక్కువ. అన్నేళ్ళు నోరు విప్పనిదాన్ని ఆ మాత్రం చేశాను.

తరువాత హైదరాబాదులో ఎవరో మీ తాత పటాలతో పెద్ద ప్రదర్శన పెడతామని వచ్చారు. అప్పుడు మీ నాన్నకు ఆ సైటు సినిమా కరపత్రంలా కనబడింది. కొత్తగా చేయించాలని రాజమండ్రిలో ఒక కంపెనీకి ఇచ్చాడు. అక్కడి నుంచి దుర్గాశ్రీ అనే అమ్మాయి మూడుసార్లు మనింటికి వచ్చింది. బుద్ధిమంతురాలు. అద్దంలో తన నీడ పడకుండా నల్లదుప్పటి కప్పుకుని ఒక్కొక్క పటాన్నీ ఫోటో తీసింది. ఏం రాయాలన్నది మాత్రం మీ నాన్నే టైపు చేసి ఇచ్చాడు. నన్ను అడగలేదు.

రెండు వేల ఆరు, జూను నెల. సోమవారం సైటు తెరుస్తారనగా ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో చూపిస్తామన్నారు. నువ్వు మీ అమ్మతో పిఠాపురం వెళ్ళావు. నేను సామ్యేలు గారికి కబురు పెట్టాను. అప్పటికి ఆయనకు చేతులు వణుకు, చూపు మందం. టీచరు ఉద్యోగం చేసే కూతురు దీవెన రిక్షాలో తీసుకొచ్చింది. ఆ రోజు ఆయన్ని మన హాల్లో, మీ తాత కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ కుర్చీ దాకా రావడానికి ఆయనకు నలభై అయిదేళ్ళు పట్టింది.

మీ నాన్న బయటి నుంచి వచ్చి, చూసి, ఒక్క క్షణం ఆగి, "రండి సామ్యేలు గారూ, బాగున్నారా" అన్నాడు. చిన్నప్పుడు ఆయన భుజమెక్కి సామ్యేలు బాబాయీ అని చెవులు పట్టుకుని ఊగినవాడు. గారు అన్న మాట అంత చల్లగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

దుర్గాశ్రీ కంప్యూటరు తెరిచి ఒక్కొక్క పేజీ చూపించింది. బాగానే చేసింది, రంగులన్నీ కడిగినట్టున్నాయి. అరుగు మీది ఫోటో వచ్చింది. మీ తాత ఒక్కరే ఉన్నారు. ఆయన మోకాలి పక్కన ఒక చెయ్యి, మణికట్టు దాకా, కుంచె పట్టుకుని ఉంది. మిగతా మనిషి లేడు. దీవెన నా వంక చూసింది. సామ్యేలు గారు చూపు ఆనక, ఇంకా ముందుకు వంగి చూస్తున్నారు.

తరువాత పటం తయారీ అన్న పేజీ. చూపు సరిగా లేని వాళ్ళం ఇద్దరం ఉన్నామని దుర్గాశ్రీ బయటికి చదివింది. పటమంతా పూర్తయ్యాక వెంకన్న గారు ఉపవాసముండి, తలస్నానం చేసి, తలుపులు మూసుకుని, చిట్టచివర దేవతకు కళ్ళు తెరిచేవారట. ఆ వేళ మరొక మనిషి ఆ గదిలో అడుగు పెట్టేవాడు కాదట.

నాకు అరికాలి నుంచి మంట లేచింది. కళ్ళు పెట్టిన మనిషిని ఎదుట కూర్చోబెట్టి ఆ మాట చదివించాడు.

"గణేషూ, ఇది ఎవరు రాశారు?" అన్నాను.

"నేనే రాశానమ్మా. ఏం, బాగాలేదా?"

"మీ నాన్న తలస్నానం చేసేది శనివారానికోసారి. పటాలు వారానికి ఆరు వెళ్ళేవి. మిగతా అయిదుగురు దేవుళ్ళనీ గుడ్డిగా పంపామంటావా?"

దుర్గాశ్రీ నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. మీ నాన్న నవ్వలేదు. హైదరాబాదు వాళ్ళకు కాస్త భక్తిగా చెబితేనే నచ్చుతుందని, ఇప్పుడు దీన్ని ఎవరు అడగబోతారని ఏదేదో చెప్పాడు. నేను అడుగుతున్నాను కదరా అన్నాను. అప్పుడు సామ్యేలు గారు మెల్లగా అన్నారు, "వదిలేయండి బుల్లెమ్మగారూ. బాబుగారు తండ్రి మీద ప్రేమకొద్దీ రాసుకున్నారు."

ఆయన ఆ మాట అనకుండా ఉంటే నేను రెండు తిట్టి ఊరుకునేదాన్నేమో. ముప్పై నాలుగేళ్ళు తల వంచుకున్న మనిషి, ఇంకా నా కొడుకునే వెనకేసుకొస్తున్నాడు.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. చిక్కగా పసుపుముద్ద కలిపాను. కాటుక డబ్బీ తీసుకున్నాను. హాల్లో గోడకున్న మీ నాన్న డిగ్రీ పట్టా ఫోటో దింపి, వెనక మేకులు లాగి, గాజు ఊడదీశాను. అమ్మా అమ్మా అంటూనే ఉన్నాడు. నేను బల్ల మీద గాజు పెట్టి పసుపుముద్దతో గుండ్రంగా ముఖం మెత్తాను. దాని మీద కాటుకతో రెండు కళ్ళు పెట్టాను, ఎవరికైనా తెలిసేటంత పెద్దవి.

"ఇదిగో, మీ నాన్న చివర్లో వేసిన కళ్ళు" అని గాజును పైకెత్తి ముందు వైపు వాళ్ళకు కనబడేలా తిప్పాను.

పచ్చటి ముద్ద. కన్ను లేదు, రెప్ప లేదు. పసుపు వెనక కాటుక ఎవరికి కనబడుతుంది?

దుర్గాశ్రీ లేచి వచ్చి గాజును చేతిలోకి తీసుకుంది. ముందు చూసింది, వెనక చూసింది. అప్పుడు ఆ పిల్ల మీ నాన్నను అడగలేదు, నన్నూ అడగలేదు. మీ తాత కుర్చీ దగ్గర కింద కూర్చుని, "అయితే కళ్ళు ఎప్పుడు వేసేవారండీ?" అంది, సామ్యేలు గారితో.

అలా అడిగినవాళ్ళు లేరు ఆయన్ని, అంతకుముందు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. "ముందు తెల్లచుక్కమ్మా. అది కుదరకపోతే అద్దం కడిగేసుకోవడమే. అమ్మవారికైతే చుక్క కాస్త పైకి, ఆవిడ మనకేసి చూడాలి గదా. కృష్ణుడికి పక్కకి, ఆయన ఎప్పుడూ ఎటో చూస్తాడు. శివుడికి చుక్కే పెట్టను, అరమోడ్పు కళ్ళు, లోపలికి చూసుకుంటాడు. ఆ తరవాత వెంకన్న గారు రంగేసేవారు. ఆయన రంగు లేకపోతే నా గీత ఉత్తి ఎముకలగూడండి." వణుకుతున్న చేతిని గాలిలో ఆడిస్తూ చెబుతుంటే దుర్గాశ్రీ ఒక్క మాట పోకుండా రాసుకుంది. దీవెన గోడవైపు తిరిగి నిలబడింది.

మీ నాన్న నన్ను దొడ్లోకి పిలిచాడు. బావి దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు, "అమ్మా, నీకు లోకం తెలీదు. పూజగదిలో పెట్టుకున్న పటానికి కళ్ళేసింది పేటలో ఆయనని తెలిస్తే, తీసి అటక మీద పడేస్తారు. నాన్న పేరు పోతుంది."

"పడేసేవాళ్ళని పడెయ్యనీ. వాళ్ళ కోసమా మీ నాన్న రంగులేసింది?"

"మరి నాన్న బతికుండగా ఎవరికైనా చెప్పారా? నువ్వు చెప్పావా? ఆయన గ్లాసు ఎక్కడుండేదో నేను చూళ్ళేదనుకున్నావా?"

చిన్నమ్మాయీ, వాడు అన్నది నిజం. వాడు దాచడం నేర్చుకున్నది ఏ హైదరాబాదులోనూ కాదు, నా గుమ్మంలోనే. ఆ కోపం వాడి మీద కన్నా నా మీదే ఎక్కువ వచ్చింది. అలాగని వాణ్ణి వదిలిపెట్టడానికి అది కారణమా?

"నేను చెయ్యలేదు. అందుకే నిన్ను చెయ్యమంటున్నాను" అన్నాను. "ఆయన పేరు లేకపోతే సైటులో మీ నాన్న పక్కన పెట్టిన నా ఫోటో కూడా తీసెయ్. ప్రదర్శనకు వెళ్ళవలసిన నలభై పటాలూ నా గదిలో ఉన్నాయి. ఒక్కటి గడప దాటితే దానికి అడ్డంగా నేను పడుకుంటాను."

వాడికి ప్రదర్శన కావాలి. ఒప్పుకున్నాడు.

సోమవారం సైటు తెరిచారు. సామ్యేలు గారు చెప్పింది చెప్పినట్టే పెట్టింది దుర్గాశ్రీ, కింద పేరుతో సహా. ఫోటోలో మనిషి తిరిగి వచ్చాడు. దీవెన పనిచేసే స్కూల్లో కంప్యూటరు ఉంది, తండ్రిని తీసుకెళ్ళి చూపించింది. ఆయన తెరకు ముక్కు ఆనించి తన పేరు రెండుసార్లు చదువుకున్నారట. అక్షరాలు రాసిన చెయ్యి కదా, "మ కింద యావత్తు కాస్త లావైందే, అయినా పర్వాలేదు" అన్నారట. దీవెన వచ్చి చెబితే నేను నవ్వాను. నేను గెలిచాననుకున్నాను.

పటాలు హైదరాబాదు వెళ్ళాయి. ప్రదర్శన అయింది, పేపర్లో పడింది. దీపావళి ముందు దుర్గాశ్రీ ఫోను చేసింది. "మామ్మగారూ, సారు పాస్‌వర్డు మార్చేసి వేరేవాళ్ళకి ఇచ్చారండి. నేను తీయలేదండి, మీరు నన్ను అనుకోకూడదు" అంది. దీవెనను చూడమన్నాను. ఫోటోలో మళ్ళీ మణికట్టు దాకా చెయ్యే. సామ్యేలు గారి మాటలు లేవు. సహాయకుల తోడ్పాటుతో అని ఒక ముక్క ఉంది, ఆ సహాయకులకు పేర్లు లేవు. నేను పసుపుతో చూపించింది మాత్రం మీ నాన్న వృథా పోనివ్వలేదు. ఇప్పుడు మీ తాత ముందుగా తలస్నానం చేసి, మొట్టమొదట కళ్ళు తెరుస్తున్నారు. స్నానాన్ని వెనక నుంచి తెచ్చి ముందు పెట్టాడు, అంతే.

వాడితో ఎన్నిసార్లు పోట్లాడానో నీకు తెలుసు, ఎందుకో తెలియదు. మామ్మకు బి.పి. పెరిగిందని నిన్ను పక్కగదిలోకి పంపేవారు.

నిరుడు సామ్యేలు గారు పోయారు. నేను చర్చి దాకా వెళ్ళి ఆఖరిదాకా కూర్చున్నాను. మీ నాన్న రాలేదు, పెద్ద పూలదండ పంపాడు. దానికి అట్టముక్క మీద పేరు రాసి కట్టాడు. తన పేరు. పేర్లు ఎక్కడ కట్టాలో వాడికి బాగా తెలుసు. దీవెన ఆ అట్టముక్కను విప్పి నా చేతిలో పెట్టింది. అది ఇంకా నా దగ్గరే ఉంది.

నాకు కంప్యూటరు ముట్టుకోవడం రాదు. నా సంతకానికే అరపూట పడుతుంది. నీకు నోరుంది, చదువుంది. నిన్న చూపించిన స్నేహితురాళ్ళనే మళ్ళీ పిలువు. ఆ పేజీ తెరిచి, ఇందులో ఈ ముక్క అబద్ధం అని చెప్పు. కళ్ళు సామ్యేలు గారివి, రంగు మా తాతది, నోరు మూసుకున్నది మా మామ్మ అని మూడూ చెప్పు, నా సంగతి వదిలెయ్యకు. వాళ్ళు మరిచిపోతే మళ్ళీ చెప్పు. రేపు నీకు పిల్లలు పుడితే వాళ్ళకు చెప్పు. మీ నాన్న ఎదుట చెప్పవలసి వచ్చినా చెప్పు, వాడు కొట్టడు, మొహం తిప్పుకుంటాడు, అంతే.

ఏదీ, ఇప్పుడు ఒకసారి మొదటి నుంచి నాకు చెప్పి చూపించు, వింటాను. ఆయన పేరు వచ్చినచోట గొంతు తగ్గించకు.